ఎద్దు మీద సేడు

మా బడి వాచకంలో ప్రతీకారం అనే మాట ఉండేది. ఆ పాఠంలో ఒక రాజు, ఇంకో రాజు, మధ్యలో ఒక కోట ఉన్నట్టు గుర్తు. అయ్యవారు నల్లబల్ల మీద "పగ తీర్చుకొనుట" అని అర్థం రాస్తే మేమూ రాసుకున్నాం. రాసుకున్నామే గాని, మా ఊళ్ళో ఎవరైనా ప్రతీకారం తీర్చుకోగా నేను చూడలేదు. కోటలు లేకపోవడం ఒక కారణం కావచ్చు. మావాళ్ళు తీర్చుకునేది సేడు.

మా ఊరు హోసూరుకూ కెలమంగలానికీ మధ్య. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం. ఏ మాట ఎవరిదని అడిగే తీరిక ఎవరికీ లేదు. సేడు కన్నడం వాళ్ళదని చాలా ఏళ్ళ తర్వాత ఎవరో చెబితే, ఇంటి ఎద్దును పక్కూరిదన్నట్టు నాకు కోపం వచ్చింది. తమిళంలో పళి అంటారు. అది పెద్ద మాట. పోలీసులు వచ్చే చోట వాడతారు. సేడుకు పోలీసులు రారు. అది పెరట్లో, పొయ్యి దగ్గర, బావి గట్టున తిరిగే మాట.

ఆ మాటను మా అవ్వ వాడినట్టు ఇంకెవరూ వాడలేదు. పిల్లి పాలు ఒలకబోస్తే ఆ పూట దానికి మజ్జిగన్నం పెట్టకుండా "సేడు తీర్చుకున్నా" అనేది. పక్కింటావిడ నామకరణానికి పిలవడం మరిచిపోతే, మా అవ్వ ఒబ్బట్లు చేసిన రోజు వీధిలో అందరికంటే ఎక్కువ ఆ ఇంటికే పంపింది. ఇదేం సేడు అవ్వా అని అడిగితే, "తినేటప్పుడు ఒక్కో తునకా గొంతులో తగులుకోవల్ల. అదే సేడు" అంది. ఆ తునకలు తగులుకున్నాయో లేదో గాని, ఆవిడ ఖాళీ గిన్నె తిరిగి ఇస్తూ ఇంకో నాలుగు అడిగి తీసుకుపోయింది.

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. పొద్దున ఎవరి మీదో పళ్ళు నూరేవాణ్ణి. రాగి ముద్ద దిగేసరికి ఎవరి మీద నూరానో గుర్తుండేది కాదు. అవ్వ నన్ను చూసి నవ్వేది. "సేడు పెట్టుకునేది సులబమప్పా. పెట్టుకున్నాక దినామూ దానికి మేత వెయ్యల్ల. నీకి అంత ఓపిక యాడుంది?"

ఆ ఓపిక నాకు ఒక ఎద్దు నేర్పింది.

డెబ్బైలు అయిపోవస్తున్న రోజులు. మూకండపల్లిలో ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. ఒక చిన్న షెడ్డులో నేను లేతు మిషను నేర్చుకుంటున్నాను. నేర్చుకుంటున్నాను అంటే, మిషను చుట్టూ పడ్డ ఇనుప రజను ఊడుస్తున్నాను. ఊళ్ళో మాత్రం ఇంజనీరులా నడిచేవాణ్ణి. మొదటి జీతంలో హోసూరు టైలరు దగ్గర బెల్ బాటమ్ కుట్టించుకున్నాను. బిస్కెట్ రంగు మీద ఎర్ర గీతలు. కింద అంచు ఎంత వెడల్పు పెట్టమంటావని టైలరు అడిగితే, గుడ్డ ఎంత ఉంటే అంత పెట్టమన్నాను. ఆ మనిషి మాట తప్పలేదు. నేను నడిస్తే ముందు పాంటు వెళ్ళేది, వెనకాల నేను వెళ్ళేవాణ్ణి.

కోతలు అయిపోయాక మా వైపు ఒక్కో ఊళ్ళో ఒక్కో రోజు ఎద్దుల పండగ చేస్తారు. ఎద్దు కొమ్ములకు రంగు కాగితాలు అంటించిన చెక్క పలక కడతారు. వీధికి రెండు వైపులా జనం నిలబడతారు. మధ్యలో ఎద్దులను ఒక్కొక్కటే విడుస్తారు. పరుగెత్తే ఎద్దు నుంచి పలక లాక్కున్నవాడిది ఆ పలక. ఎద్దు పలకతోనే వీధి దాటి ఇల్లు చేరితే పరువు ఎద్దుది, దాన్ని సాకినవాళ్ళది. వాళ్ళను సాయంత్రం గుడి ముందుకు పిలిచి తువ్వాలు కప్పుతారు. వీధిలో చేజిక్కింది చిక్కినవాడిదే, తిరిగి అడగకూడదు. ఈ కట్టుబాటు మనుషులకే కాక ఎద్దులకూ వర్తిస్తుందని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

మా పక్క ఊరి పండగకు నేను పలక కోసం పోలేదు, పాంటు చూపించడానికి పోయాను. మిద్దెల మీద ఆడపిల్లలు కూర్చొని ఉన్నారు. వాళ్ళకు నిండుగా కనబడాలని వీధి మొదట్లో నిలబడ్డాను. కాసేపటికి బూడిద రంగు ఎద్దు ఒకటి వచ్చింది. ఒక కొమ్ము నిటారుగా, ఒక కొమ్ము లోపలికి వంగి ఉంది. తక్కినవాళ్ళంతా గోడకు అతుక్కుపోయారు. నేను ఒక చెయ్యి చాచాను. రెండో చెయ్యి క్రాపు మీద ఉంది.

తర్వాత జరిగింది నేను చూడలేదు, చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఎద్దు తల వంచింది. ఆ వంకర కొమ్ము నేరుగా నా బెల్ బాటమ్ అంచులోకి దూరింది. టైలరు అంత చోటు వదిలిపెట్టాడు మరి. ఎద్దు తల ఎత్తింది. నేను దుమ్ములో కూర్చున్నాను. మోకాలి కింద నుంచి గుడ్డ మొత్తం దాని కొమ్ముకు వేలాడుతూ, పక్కన పలకతో సహా, వీధి పొడవునా జెండాలాగా పోయింది. ఆ ఈలలు కెలమంగలం దాకా వినబడి ఉంటాయి.

ఒక కాలికి బెల్ బాటమ్, ఒక కాలికి నిక్కరు. అట్లాగే బస్సెక్కాను. కండక్టరు పైనుంచి కింది దాకా చూసి, ఒక కాలికి ఫుల్ టికెట్టు, ఒక కాలికి హాఫ్ టికెట్టు ఇవ్వనా అన్నాడు. ఇంటికొస్తే అవ్వ నన్ను చూసి మొదట అడిగిన మాట, "ఎద్దుకేం కాలేదు కదా?"

అంతటితో పోయి ఉంటే నా సేడు కూడా మామూలుగా రాగి ముద్దతో దిగిపోయేది. మర్నాడు హోసూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ ఎద్దు కొట్టం సరిగ్గా రోడ్డు పక్కనే, బస్టాపుకు ఎదురుగా ఉంది. కొట్టం గుంజకు పలక వేలాడుతోంది. పలక పక్కన బిస్కెట్ రంగు మీద ఎర్ర గీతలు. బస్సు అక్కడ ఆగింది. ఎప్పుడూ అరక్షణం ఆగే బస్సు ఆ రోజు తీరిగ్గా ఆగింది. "అది నీ పాంటే కదప్పా?" అని వెనక సీటు పెద్దాయన అడిగాడు. తెలియక అడిగింది కాదు.

సాయంత్రం ఆ ఊళ్ళో దిగాను. ఎద్దు ఒక నడివయసు ఆడమనిషిది. మా వైపు పెద్ద ఆడవాళ్ళను ఆయమ్మ అంటాం. ఆయమ్మకు మొగుడు పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. తల్లి చచ్చిన దూడకు రాగి గంజి తాగించి ఎద్దును చేసింది. పక్కవాళ్ళ ఎద్దుతో జత కట్టి తనకున్న కాస్త చేను దున్నించేది. ముత్తయిదువులను పిలిచే ఏ పనికీ ఆయమ్మను పిలవరు. ఎద్దుల పండగ సాయంత్రం మాత్రం గుడి ముందుకు మొదట ఆయమ్మనే పిలిచేవాళ్ళు. ఆ ఎద్దు ఇంతవరకూ పలక పోగొట్టుకుంది లేదు.

ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు తెలిసింది నా గుడ్డ ఒక్కటే.

"అమ్మా, ఆ గుడ్డ నాది. ఇచ్చేస్తే పోతాను."

ఆయమ్మ పేడ ఎత్తుతూ తల తిప్పకుండా అంది. "వీదిలో చిక్కింది చిక్కినోళ్ళదే కదప్పా. పలక ఎవురైనా పీక్కుంటే నేను పొయ్యి అడగతానా?"

"అది ఎద్దమ్మా."

"ఎద్దయితే? దానికి న్యాయం లేదా? పలక తీసుకోనిరా, గుడ్డ తీసుకోనిపో."

ఎద్దు నా వైపు చూసి నెమరు వేసింది. అంత తీరిగ్గా నన్ను ఎవరూ అవమానించలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ మీద నాకు సేడు" అన్నాను. ఆయమ్మతో కాదు, ఎద్దుతో. ఆయమ్మ అప్పుడు తలెత్తి చూసింది. "మనిషి మీద పెట్టుకుంటే వానికి తెలుస్తుంది. గొడ్డు మీద పెట్టుకుంటే దానికెట్ల తెలుస్తుందప్పా?" అని నిజంగానే అడిగింది. తెలిసేలా చేస్తానన్నాను.

మరుసటి ఏడాదికి నేను సాధన మొదలుపెట్టాను. మా ఇంట్లో ఎద్దు లేదు గనుక ఆవు కొమ్ములకు అట్టముక్క కట్టి లాగడం నేర్చుకున్నాను. నాలుగు రోజులకు ఆవు పాలివ్వడం మానేసింది. అవ్వ నాకు కాఫీ ఇవ్వడం మానేసింది. ఆవు తరఫున సేడు అంది. పండగనాడు పొట్టి నిక్కరు వేసుకొని, నూనె రాసుకొని నిలబడ్డాను. ఎద్దు వచ్చింది, నా పక్కనే దూకి వెళ్ళిపోయింది. నన్ను గుర్తు కూడా పట్టలేదు. ఏడాది పొడవునా నేను దాన్ని తలుచుకుంటే అది నన్ను ఒక్క రోజైనా తలుచుకోలేదు. పాంటు పోయినప్పటికంటే ఆ బాధ ఎక్కువైంది.

ఆ పై ఏడాది చెయ్యి పలకకు తగిలింది. దారం కూడా దొరికింది. కళ్ళు తెరిచి చూస్తే గుప్పిట్లో ఎర్ర కాగితం ముక్క ఉంది, మోచేయి మీద తోలు లేదు. ఆయమ్మ ఆ సాయంత్రం గుడి నుంచి కొత్త తువ్వాలు కప్పుకొని వస్తూ నన్ను చూసి ఆగింది. "కాగితం వచ్చినాక పలక రాకుండా పోతుందా? నీ మనవని పెండ్లికి వస్తుందిలేప్పా" అని పసుపు నూరి ఇచ్చింది. మోచేయికి రాసుకున్నాను. మందుకు సేడు అడ్డం రాకూడదు కదా.

గుంజకున్న గుడ్డ ఎండకు వెలిసింది, ఎర్ర గీతలు గులాబీ అయ్యాయి. నేను లేతు మీదికి ఎక్కాను. తోటివాళ్ళు కొత్తవాళ్ళకు నన్ను పరిచయం చేసేటప్పుడు పని గురించి చెప్పేవాళ్ళు కాదు. "ఎద్దు మీద సేడు పెట్టుకున్నోడు ఇతనే" అనేవాళ్ళు.

తర్వాతి ఏడాది వానలు మొహం చాటేశాయి. రాగి మోకాలెత్తు లేవకుండానే ఎండింది. మేత లేక జనం గొడ్లను కృష్ణగిరి సంతకు తోలుకుపోతున్నారు. ఆ సంతలో కొనేవాళ్ళు దున్నడానికి కొనడం లేదని, లారీలెక్కించి కోతకు కనుమ దాటిస్తున్నారని అందరికీ తెలుసు. ఒక పొద్దున బస్సులో ఎవరో అన్నారు, ఆయమ్మ కూడా ఈ వారం ఎద్దును తోలుతుందట. నేను బస్సు దిగిపోయాను. ఆ రోజు డ్యూటీ సంగతి ఆ రాత్రి దాకా గుర్తు రాలేదు.

ఎద్దు పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి. ఆయమ్మ దాని మెడకు నూనె రాస్తోంది.

"అమ్మా, ఎద్దును అమ్ముతున్నావంట?"

"అమ్మక ఏం చేసేది? నేను ఉపాసముంటే నాకి తెలుస్తుంది. దానికేమని చెప్పేది?"

"ఎట్ల అమ్ముతావు? నా సేడు ఇంకా తీరలేదు."

నేను నిజంగా అన్న మాట అదే. ఇంకేదైనా మంచి మాట చెప్పి ఉండొచ్చు, నోటికి అదే వచ్చింది. ఆయమ్మ కాసేపు నన్నే చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. కళ్ళు తుడుచుకుంది.

"అంత సేడు ఉంటే నువ్వే మేత వెయ్యప్పా" అంది.

నేను అడుసులో కాలు పెట్టేశాను. మా అవ్వ పుట్టిల్లు కృష్ణగిరి డ్యాము కింద ఉంది. అక్కడ వరి పండుతుంది గనుక గడ్డి దొరుకుతుంది. ప్రతి ఆదివారం పోయి, రెండు పెద్ద మోపులు కట్టి, రాయకోట మీదుగా వచ్చే బస్సు నెత్తికెక్కించేవాణ్ణి. కండక్టరు మోపుల్నీ, నన్నూ చూసి, "మాట్టుక్కా, ఉనక్కా?" అని తమిళంలో అడిగేవాడు. ఎద్దుకా, నీకా అని. బస్సు దిగాక మోపులు నెత్తిన పెట్టుకొని కొట్టానికి పోయేవాణ్ణి. మధ్యలో వారం రోజుల్లో కుదిరినప్పుడల్లా డ్యూటీ దిగి, సైకిలుకు ఏదో ఒక ఆకు, ఏదో ఒక గడ్డి కట్టుకొని పోయేవాణ్ణి. మల్బరీ తోటలున్నవాళ్ళను బతిమాలి పట్టుపురుగులు తినగా మిగిలిన కొమ్మలు అడుక్కున్నాను. నా శత్రువు కోసం నేను అడుక్కోని గడప లేదు.

మొదట్లో ఎద్దు నన్ను చూసి బుసకొట్టేది. నేనూ తగ్గలేదు. "నిన్ను బతికిస్తున్నది ఓడించేదానికే, గుర్తు పెట్టుకో" అని చెప్పి గడ్డి వేసేవాణ్ణి. కొన్నాళ్ళకు నా సైకిలు చప్పుడుకు చెవులు తిప్పడం మొదలెట్టింది. తర్వాత నా చొక్కా, నా లుంగీ మడత, నా జేబు, అన్నీ ముక్కుతో వెతికేది. ఒకసారి నా మోచేయి నాకింది, ఆ పాత గాయం మీదే. గరుకు నాలుక. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఎవరూ చూడ్డం లేదు కదా అనుకున్నాను. ఆయమ్మ చూసిందని ఆమె గొంతు సవరించుకుంటే తెలిసింది.

ఇంట్లో అవ్వ గడ్డి పరకలు అంటుకున్న నా తల చూసి కాఫీ పెద్ద గ్లాసులో ఇచ్చేది.

వానలు పడ్డాయి. ఎద్దు మళ్ళీ నిగనిగలాడింది. పండగ వచ్చింది. నేను ఆ ఏడాది బాగా సిద్ధమయ్యాను. దాని పరుగు, దాని తల తిప్పుడు, ఏ కొమ్ము వైపు దానికి చూపు తక్కువో నాకంటే తెలిసినవాడు లేడు. వీధి మధ్యలో, గోడకు ఆనుకొని నిలబడ్డాను. ఈసారి పలక నాది, గుడ్డ నాది, గుంజ ఖాళీ అవుతుంది, బస్సులో ఎవడూ నోరెత్తడు.

ఎద్దును విడిచారు. ఈలలు, డప్పులు. జనాన్ని చీల్చుకుంటూ వస్తోంది. ఒకడు దూకాడు, దులిపేసింది. ఇంకొకడు తోక పట్టుకొని కింద పడ్డాడు. నేను మోకాళ్ళు వంచి సిద్ధంగా ఉన్నాను. సరిగ్గా నా ముందుకొచ్చి ఎద్దు ఆగిపోయింది.

పరుగెత్తే ఎద్దు వీధి మధ్యలో ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు. తల వంచి నా నడుము దగ్గర వాసన చూసింది. లుంగీ మడతలో వెతికింది. మేత ఎక్కడని. పలక నా గడ్డానికి జానెడు దూరంలో ఉంది. దారం ముడి నాకు కనిపిస్తోంది. చెయ్యెత్తితే చాలు.

నాకు చెయ్యి రాలేదు. "పోరా, పో" అన్నాను దానితో. "ఈడ కాదు. ఇంటికి పో." అది పోలేదు. ఇంకో జేబు వెతికింది. దాని నుదుటి మీద చెయ్యి పెట్టి వెనక్కి నెడుతున్నాను. అంతలో నా భుజం పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చింది. బాగలూరు వైపు నుంచి వచ్చినవాడెవడో. తీరిగ్గా, కాయ కోసినట్టు ముడి లాగి పలక తీసుకున్నాడు. జనం అరిచారు. ఎద్దు ఇంకా నా జేబు దగ్గరే ఉంది.

ఆ సాయంత్రం గుడి ముందు పిలిచిన పేర్లలో ఆయమ్మ పేరు లేదు. ఆయమ్మ పగ్గం పట్టుకొని వెనక సందులోంచి ఎద్దును ఇంటికి తీసుకుపోయింది. నేను ఎదురు పడలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి కంట్లో దుమ్ము పడిందన్నాను. అడిగినవాడు ఎవడూ లేడు.

మర్నాడు బస్సులోంచి చూస్తే గుంజ ఖాళీగా ఉంది. పలక లేదు, గుడ్డా లేదు. ఇన్నేళ్ళు నేను కోరుకున్నది అదే. దిగిపోయాను.

ఆయమ్మ గుడ్డను ఉతికి మడత పెట్టి ఉంచింది. నా చేతిలో పెట్టింది.

"తీసుకోప్పా. తీరిపాయె కదా నీ సేడు."

"పలక నేను పీక్కోలేదమ్మా."

"నువ్వు కాదులే. నీ కోసరమే కదా అది నిలిచింది."

కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. మామూలుగా అంది. ఎద్దు కొట్టంలోంచి మెడ చాచి నా సైకిలు కోసం చూస్తోంది. అది ఓడిపోయిన సంగతి దానికి తెలియదు. దానికి తెలిసేలా చేస్తానని చెప్పినవాణ్ణి నేనే.

గుడ్డ విప్పాను. రంగు పోయి, గీతలు పోయి, ఎవరి పాంటని ఎవరూ చెప్పలేనట్టుగా ఉంది. తీసుకుపోయి మళ్ళీ ఆ గుంజకే కట్టాను. బస్సులో వాళ్ళకు బాగా కనబడేటట్టు, ఇదివరకటికంటే కాస్త పైకి.

ఆయమ్మ నడుము మీద చేతులు పెట్టుకొని చూసింది. "ఇంకా యాలప్పా ఇది? ఇంకేం సేడుంది నీకి?"

"ఆ బాగలూరోని మీద."

"వాడు నీకేం చేసినాడు?"

"మన ఎద్దు పలక పీక్కున్నాడు కదమ్మా."

ఆయమ్మ ఎద్దు మెడ కింద గోకుతూ నిలబడింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అట్లయితే వచ్చే వారం నుంచి మేత ఇంకొంచెం జాస్తిగా తీసుకోనిరా" అంది.